గోజీ పళ్ళు: నాన్నగారి కళ్ళ కోసం పెట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ. నాన్నగారికి 66 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి. గుండె లయ తప్పుతోందని రక్తం పల్చబడే మాత్ర కూడా వేసుకుంటున్నారు. పోయిన నెల కంటి డాక్టరు రెటీనా చూసి, వయసుతో వచ్చే మాక్యులా సమస్య ఇప్పుడిప్పుడే మొదలైందన్నారు. సింగపూర్ నుంచి వచ్చిన మేనత్తగారు కిలో గోజీ పళ్ళు (చైనాలో పండే చిన్న ఎర్ర పండు, ఎండబెట్టి అమ్ముతారు) తెచ్చి, "అక్కడ కళ్ళకి అందరూ ఇవే తింటారు, అన్నయ్యకి రోజూ గుప్పెడు పెట్టు" అని చెప్పి వెళ్ళారు. పెట్టొచ్చా, ఎంత పెట్టాలి, నిజంగా పని చేస్తాయా అన్నది మీ సందేహం.

ముందు ఒక్క పని చేయండి. ఆ రక్తం పల్చబడే మాత్ర స్ట్రిప్ తెచ్చి, కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాకుండా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూడండి. వార్ఫరిన్ అని గానీ, అసినోకౌమరాల్ అని గానీ ఉంటే (మన దగ్గర ఎక్కువగా అసిట్రోమ్ అనే పేరుతో రాస్తారు) ఆ గోజీ డబ్బా నాన్నగారి చేతికి ఇవ్వకండి. ఎందుకో కింద వివరంగా చెప్తాను. వేరే మందైతే కొంత వెసులుబాటు ఉంది.

ఈ పళ్ళ గురించి ఇంత పెద్దగా రాయడానికి కారణం ఉంది. నేను ఎంబీబీఎస్ చదివింది చైనాలోని యిన్‌చువాన్‌లో. అది నింగ్‌షియా రాష్ట్రానికి రాజధాని. గోజీకి పుట్టిల్లు లాంటి ఝోంగ్‌నింగ్ ఆ రాష్ట్రంలోనే, పసుపు నది ఒడ్డున ఉంటుంది. ఇప్పుడు ఖమ్మంలో జనరల్ ఫిజీషియన్‌గా చేస్తున్నాను. చైనాలో ఆ పళ్ళని రోజూ చూశాను, తిన్నాను. ఇక్కడ వాటిని మందనుకుని వాడే పేషెంట్లను చూస్తున్నాను.

మొదటిసారి ఆ తోటల్లోకి వెళ్ళినప్పుడు నాకు మా ఊరి మిరప చేలే గుర్తొచ్చాయి. ఛాతీ ఎత్తు పొద, సన్నటి కొమ్మలు కిందికి వంగి ఉంటాయి, అక్కడక్కడా ముళ్ళు. పువ్వు అచ్చం చిన్న వంకాయ పువ్వులా ఊదా రంగులో ఉంటుంది. పండు వేలి కొస అంత, పండు మిరపకాయ రంగు. చీల్చి చూస్తే లోపల టమాటా గింజల్లాంటి చదును గింజలు. పోలిక ఊరికే రాలేదు. వంకాయ, టమాటా, మిరప, బంగాళాదుంప, మన పొలం గట్ల మీద పిల్లలు ఏరుకుని తినే కామంచి, బుడ్డబుడస అన్నీ ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. శాస్త్రీయ నామం లైసియం బార్బరమ్. చైనా వాళ్ళు గౌచీ అంటారు. దాన్నే పాశ్చాత్య మార్కెట్లో గోజీ అని పలికారు. "హిమాలయన్ గోజీ", "టిబెటన్ గోజీ" అని ప్యాకెట్ల మీద రాస్తుంటారు గానీ, బజారులోకి వచ్చే సరుకు చాలా వరకు నింగ్‌షియా, చింగ్‌హై, గాన్సు, షిన్‌జియాంగ్ తోటల్లో పండిందే.

కోత జూన్‌లో మొదలై శరత్కాలం దాకా సాగుతుంది. పండు మెత్తన, చర్మం పల్చన. ఒక్కొక్కటిగా చేత్తో కోయాల్సిందే. బుట్టలు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళకి కిలోకి ఇంత అని కూలి. పచ్చి పండు ఒకటి రెండు రోజుల్లోనే పాడవుతుంది కాబట్టి కోసిన రోజే ఎండబెట్టే పని మొదలవుతుంది. పండు మీద మైనం లాంటి పొర పోవడానికి సోడా నీళ్ళలో ముంచి తీసి, పళ్ళేల్లో పల్చగా పరుస్తారు. ఎండేటప్పుడు చెయ్యి పెట్టి కలపరు, చేతి తడి తగిలితే నల్లబడుతుందని. ఆ ఎర్రటి పళ్ళేల వరసలు చూస్తుంటే మిరప కళ్ళంలో నిలబడ్డట్టే ఉండేది, ఘాటు లేదంతే.

మా హాస్టల్ సందు మలుపులో నూడుల్స్ కొట్టు నడిపే ఒక పెద్దావిడ ఉండేది. హుయ్ ముస్లిం కుటుంబం. మేమంతా ఆమెను ఆయీ అనేవాళ్ళం, అంటే మన పిన్ని, అత్త లాంటి పిలుపు. చలికాలంలో మేం వణుకుతూ వెళ్తే మూత ఉన్న పింగాణీ కప్పులో "బాబావ్ చా" పోసేది. ఎనిమిది విలువైన వస్తువుల టీ అని దాని అర్థం. టీ ఆకు, ఎండబెట్టిన ఎర్ర రేగుపండు, లాంగన్ (లిచీ లాంటి పండు), ఎండు ద్రాక్ష, అక్రోటు ముక్క, నువ్వులు, పటికబెల్లం, పైన గోజీ. ఆమె ఎప్పుడూ గోజీని రెండు వేళ్ళతో పట్టినన్నే వేసేది. పది, పదిహేను పళ్ళు ఉంటాయేమో. వేడి నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోయించుకుని మూడు నాలుగు సార్లు తాగాక, అడుగున ఉబ్బిన పళ్ళని చెంచాతో తినాలి. ఒకసారి మా ఫ్రెండ్ డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో వేసుకుంటే ఆయీ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది మిఠాయి కాదు, కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి" అంది. మీ మేనత్తగారు చెప్పిన గుప్పెడు లెక్క చదవగానే నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

అక్కడి సంప్రదాయ వైద్యం కూడా ఆ మోతాదులోనే మాట్లాడుతుంది. చైనా ప్రాచీన ఔషధ గ్రంథం షెన్‌నాంగ్ బెన్‌త్సావ్ జింగ్‌లో గౌచీని పై తరగతి మూలికల్లో చేర్చారు. అంటే రోగానికి వేసే ఘాటైన మందుగా కాదు, చాలాకాలం తీసుకున్నా హాని చేయదనే లెక్కలో. 16వ శతాబ్దంలో లీ షిజెన్ రాసిన బెన్‌త్సావ్ గాంగ్‌ము దీని ఆకు, పువ్వు, పండు, వేరు అన్నిటికీ ఉపయోగాలు చెప్తుంది. పండు తియ్యన, చలవా కాదు వేడీ కాదు, కాలేయానికీ మూత్రపిండాలకీ బలం ఇస్తుంది అని వాళ్ళ లెక్క. వాళ్ళ సిద్ధాంతంలో కాలేయానికి ద్వారం కన్ను. అందుకే చూపు మందగిస్తే గోజీని చేమంతి పూలతో కలిపి టీ కాచుకుంటారు. చి జు ది హువాంగ్ అని కళ్ళు పొడిబారడానికీ మసకకీ వాడే పాత మాత్రల్లోనూ ఈ రెండూ ఉంటాయి. నడుం నొప్పి, నిస్సత్తువ, మగవాళ్ళ బలహీనత, బాలింత నీరసం, వీటన్నిటికీ వాడతారు. "ఇంటికి వెయ్యి లీల దూరం వెళ్ళేవాడు గౌచీ తినకూడదు" అని చాలా పాత సామెత కూడా ఉంది (లీ అంటే దాదాపు అర కిలోమీటరు). కోరిక పెంచుతుందని వాళ్ళ నమ్మకం. వేరు బెరడు మాత్రం పూర్తిగా వేరే మందు, దాన్ని జ్వరాలకి చలవగా వాడతారు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో లేత ఆకుని మనం తోటకూర వండినట్టు సూపులో వేసుకుంటారు. ఇప్పటి చైనా అధికారిక ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల పుస్తకంలో) ఎండు పండు మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాములు. ఆయీ రెండు వేళ్ళ లెక్క కూడా దీన్ని దాటదు.

ఇక మీ అసలు ప్రశ్న, కళ్ళు. గోజీకి ఆపాదించే గొప్పల్లో నేను గౌరవంగా చూసేది ఇదొక్కటే. కారణం సూటిగా ఉంది. మన రెటీనా నడిమధ్యన మాక్యులా అనే చిన్న పసుపు మచ్చ ఉంటుంది. అక్షరాలు చదవడం, ముఖం గుర్తుపట్టడం దాని పని. ఆ పసుపు రంగు ల్యూటిన్, జియాక్సాంథిన్ అనే రెండు పదార్థాల వల్ల వస్తుంది. సరిగ్గా కేంద్రంలో జియాక్సాంథిన్ ఎక్కువ. అవి నీలి కాంతిని కొంత అడ్డుకుంటాయి, అక్కడి కణాలు దెబ్బతినకుండా కాస్తాయి. వీటిని శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. గోజీ పండుకి ఆ ఎరుపు, నారింజ రంగు ఇచ్చేది ప్రధానంగా ఈ జియాక్సాంథినే. మామూలు తిండిలో ఇది ఇంతగా ఉండే వస్తువులు చాలా తక్కువ.

పరీక్షల మాటకొస్తే, 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 65 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉన్న 150 మందిని తీసుకున్నారు. సగం మందికి పాలతో కలిపి తయారు చేసిన గోజీ పొడి రోజుకు 13.7 గ్రాముల చొప్పున 90 రోజులు ఇచ్చారు. వాళ్ళ రక్తంలో జియాక్సాంథిన్ 26 శాతం పెరిగింది. మాక్యులాలో రంగు తగ్గడం, డ్రూసెన్ అనే పసుపు చుక్కలు చేరడం గోజీ తీసుకోని వాళ్ళలో కనిపించింది గానీ వీళ్ళలో కనిపించలేదు. 2018లో చైనాలోనే, మీ నాన్నగారి లాగా సమస్య తొలిదశలో ఉన్న 114 మంది మీద ఇంకొకటి జరిగింది. రోజుకు 25 గ్రాములు, 90 రోజులు తిన్నవాళ్ళలో మాక్యులా రంగు సాంద్రత పెరిగింది, చూపు కొలతలోనూ కొంత మెరుగు కనిపించింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు 45 నుంచి 65 ఏళ్ళ ఆరోగ్యవంతులు 27 మందితో చేశారు. వారానికి ఐదు రోజులు 28 గ్రాముల చొప్పున తిన్నవాళ్ళలో ఈ సాంద్రత పెరిగింది, ల్యూటిన్, జియాక్సాంథిన్ మాత్రలు వేసుకున్నవాళ్ళలో పెరగలేదు.

వినడానికి బాగుంది కదా. కానీ 90 రోజులంటే ఈ జబ్బు లెక్కలో చాలా చిన్న వ్యవధి. ఇది ఏళ్ళ తరబడి మెల్లగా నడిచే జబ్బు. పదేళ్ళ తర్వాత చూపు నిలిచిందా లేదా అన్నది ఈ పరీక్షలేవీ చెప్పవు. మాక్యులా సమస్య మధ్యస్థ దశకి వచ్చిన వాళ్ళకి డాక్టర్లు రాసే మాత్రల వెనక ఉన్న ఆధారం దీనికంటే చాలా పెద్దది. 2013లో ఫలితాలు వచ్చిన ఎరెడ్స్-2 అనే అమెరికా అధ్యయనంలో నాలుగు వేల మందికి పైగా పాల్గొన్నారు, ఏళ్ళ పాటు గమనించారు. ఆ ఫార్ములాలో ల్యూటిన్ 10 మిల్లీగ్రాములు, జియాక్సాంథిన్ 2 మిల్లీగ్రాములు ఉంటాయి. నాన్నగారికి ఆ దశ వచ్చి డాక్టరు రాస్తే ఆ మాత్రలే వేయాలి, వాటి బదులు గోజీ పెట్టి ఊరుకోకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జియాక్సాంథిన్ కొవ్వులో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. చేమంతి టీలో నాలుగు పళ్ళు వేసి, టీ తాగి పళ్ళు పారేస్తే అందేది దాదాపు ఏమీ లేదు. హాంకాంగ్ పరిశోధకులు 2006లో దీన్ని కొలిచి చూశారు. పళ్ళని వేడి నీళ్ళలో నలిపి ఇచ్చినప్పటి కంటే, వేడి పాలలో నలిపి ఇచ్చినప్పుడు మూడు రెట్లు ఎక్కువగా ఒంటికి పట్టింది. కాబట్టి తినేవాళ్ళు పాలల్లో నానబెట్టి మెదిపి తాగడమో, ఉప్మాలోనో పాయసంలోనో నెయ్యి తగిలేలా వేసుకోవడమో మంచిది. పళ్ళు నమిలి తినాలి.

మిగతా గొప్పల సంగతి త్వరగా చెప్పేస్తాను. రోగనిరోధక శక్తి, షుగరు తగ్గడం, కొవ్వు కరగడం, క్యాన్సర్ అని ప్రచారం జరిగేవాటిలో చాలా వరకు ఎలుకల మీదో, గాజు గొట్టాల్లోనో చేసినవి. మనుషుల మీద చేసినవి చిన్నవి, అందులోనూ పండు కాకుండా దాంట్లోంచి తీసిన పాలీశాకరైడ్ (ఒక రకం పిండిపదార్థం) సారం వాడినవి. నిన్ను చంపే జబ్బుకి ఇది మందు అని ఎవరైనా సీసా అమ్మితే కొనకండి. ముఖ్యంగా గోజీ జ్యూస్. గొలుసుకట్టు వ్యాపారంలో చుట్టాలే వచ్చి అమ్ముతారు, కాదనడం కష్టం. లీ చింగ్‌యువెన్ అనే మూలికల వ్యాపారి రోజూ గోజీ తిని 250 ఏళ్ళు బతికి 1933లో చనిపోయాడనే కథ కూడా ఆ కాగితాల మీద ఉంటుంది. అది కథ. గోజీ పండే ఊళ్ళలోనూ మనుషులు అందరిలాగే ముసలివాళ్ళై పోతారు, నేను ఆ ఆసుపత్రి వార్డుల్లోనే పని నేర్చుకున్నాను.

ఇప్పుడు మాత్ర దగ్గరికి వస్తాను. 2001లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. 61 ఏళ్ళ చైనీస్ మహిళ, వార్ఫరిన్ మీద ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష అంకె) 2 నుంచి 3 మధ్య నిలకడగా ఉంది. ఉన్నట్టుండి 4.1కి పెరిగింది. కొత్త మందు లేదు, తిండి మారలేదు. అడిగి అడిగి చూస్తే చిక్కగా కాచిన గోజీ టీ రోజుకు మూడు నాలుగు గ్లాసులు తాగుతున్నట్టు బయటపడింది. టీ మానేశాక మళ్ళీ దారికి వచ్చింది. ఆ తర్వాత ఇలాంటివి మరికొన్ని నమోదయ్యాయి. ఐఎన్ఆర్ అంత పెరిగితే చిగుళ్ళలోంచి, ముక్కులోంచి రక్తం రావచ్చు. అంతకంటే భయపడాల్సింది కడుపులోనో మెదడులోనో కారడం. 66 ఏళ్ళ నాన్నగారు బాత్రూంలో జారిపడితే చాలు. కంటిలో ఒక చుక్క రంగు పెంచడానికి ఈ రిస్కు తీసుకోవడం తగదని నా గట్టి అభిప్రాయం. అపిక్సబాన్, డాబిగట్రాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులైతే ఈ ఐఎన్ఆర్ గొడవ లేదు, అయినా గుండె డాక్టరుకి చెప్పి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టండి. పేషెంట్లు మందులన్నీ చెప్తారు గానీ "అది పండే కదా" అని ఇలాంటివి చెప్పరు. మీరు చెప్పండి.

షుగరు కూడా ఉందన్నారు. ఎండు గోజీ 100 గ్రాముల్లో చక్కెరలు సుమారు 46 గ్రాములు. 15 గ్రాములు తింటే 7 గ్రాములు, అంటే దాదాపు చెంచాన్నర చక్కెర. కొంపలేం మునగవు, కానీ పాలల్లో మళ్ళీ పంచదార వేయకండి, ఆ పూట వేరే తీపి పండు మానేయండి. షుగరు, బీపీ మాత్రల ప్రభావాన్ని ఇది కొద్దిగా పెంచొచ్చు కాబట్టి మొదటి రెండు మూడు వారాలు ఇంట్లో మిషన్‌తో రెండూ చూసుకుంటూ ఉండండి. టమాటా, వంకాయ, పీచ్ పండు లాంటివి పడని వాళ్ళకి గోజీ కూడా పడకపోవచ్చు. స్పెయిన్‌లో గోజీ తిని ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం దాకా వెళ్ళిన కేసులు ఉన్నాయి. అందుకే మొదటి రోజు నాలుగైదు పళ్ళే పెట్టి చూడాలి.

ఇంటర్నెట్‌లో మీకు ఇంకో భయం కూడా ఎదురవుతుంది, గోజీలో ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ విషం ఉందని. దానికి మూలం 1989లో మన దేశపు మొక్కల మీద వచ్చిన ఒక నివేదిక. తర్వాత 2006లో ఆధునిక పరికరాలతో ఎనిమిది నమూనాలు పరీక్షిస్తే దొరికింది గరిష్ఠంగా వంద కోట్లలో 19 వంతులు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

నిజంగా చూసుకోవాల్సింది సరుకు శుభ్రత. 2024 సెప్టెంబరులో చైనా ప్రభుత్వ టీవీయే చింగ్‌హైలోని గోల్‌ముద్‌లో, గాన్సులోని జింగ్‌యువాన్‌లో కొందరు వ్యాపారులు రంగు నిలవడానికి పారిశ్రామిక గంధకం పొగ పెడుతున్నారని, సోడియం మెటాబైసల్ఫైట్ వాడుతున్నారని బయటపెట్టింది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ అవశేషాలు మరీ చెడ్డవి. మీ డబ్బాలోంచి నాలుగు పళ్ళు తెల్ల కాగితం మీద వేసి పగటి వెలుతురులో చూడండి. మంచి పండు ముదురు ఎరుపు, కొంచెం మసకగా ఉంటుంది. తొడిమ ఊడిన చోట లేత తెల్ల చుక్క ఉంటుంది. నిగనిగలాడుతూ, ఆ చుక్క కూడా ఎర్రగానే ఉంటే రంగు వేసినట్టు అనుమానించాలి. నమిలితే తియ్యగా, చివర్లో కొద్దిగా చేదుగా ఉండాలి. పుల్లగా ఉన్నా, ముక్కుకి గంధకం వాసన ఘాటుగా తగిలినా పారేయండి. వాడేముందు ఎలాగూ గోరువెచ్చటి నీళ్ళతో ఒకసారి కడగాలి. మన తేమకి త్వరగా ముద్ద కడతాయి, గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

నాన్నగారి మాత్ర వార్ఫరిన్ రకం కాకపోయి, గుండె డాక్టరు సరేనంటే, రోజుకు ఒక పెద్ద చెంచా, అంటే పది గ్రాముల లోపు, రాత్రి పాలల్లో నానబెట్టి మెదిపి ఇవ్వండి. గుప్పెడు వద్దు. ఏదైనా ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందు ఆపేయండి.

ఒకవేళ వార్ఫరిన్ రకమే అయితే బెంగపడకండి. జియాక్సాంథిన్ గోజీ ఒక్కదాంట్లోనే లేదు. గుడ్డు పచ్చసొన, పసుపు మొక్కజొన్న, నారింజ రంగు కాప్సికంలో ఉంది. తోటకూర, పాలకూర, మునగాకులో ల్యూటిన్ దండిగా ఉంది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది వార్ఫరిన్‌కి ఎదురు పనిచేస్తుంది. అయినా వార్ఫరిన్ వాడేవాళ్ళు వాటిని మానక్కర్లేదు, ఒక వారం ఊపిరాడనంత తిని ఇంకో వారం ముట్టకుండా ఉండకూడదు, అంతే. వారానికి ఇన్ని సార్లు, ఇంత అని ఒకే లెక్క పెట్టుకుని, కొంచెం నూనెతో వండండి. నాన్నగారికి సిగరెట్టో చుట్టో అలవాటు ఉంటే అది మాన్పించడం మాక్యులాకి ఏ పండు కంటే ఎక్కువ మేలు.

ఇంట్లో చేయాల్సిన పరీక్ష ఒకటుంది, కంటి డాక్టరు దగ్గర ఆమ్స్లర్ గ్రిడ్ అనే గళ్ళ కాగితం అడిగి తీసుకోండి. ఫ్రిజ్ తలుపుకి అంటించి, చదివే కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో మధ్య చుక్కనే చూడమనండి. తర్వాత రెండో కన్ను. గీతలు వంకరగా, అలల్లా కనిపించినా, మధ్యలో మసక మచ్చ ఉన్నా ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అది తడి రకంలోకి (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకంలోకి) మారిన గుర్తు కావచ్చు, దానికి కంట్లో ఇంజెక్షన్లు వేయాలి, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు. షుగరు వల్ల ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేసి రెటీనా చూపించడం ఎటూ తప్పదు.

స్ట్రిప్ మీద ఏ మందు పేరుందో, చివరిసారి ఐఎన్ఆర్ చేయించి ఉంటే ఎంత వచ్చిందో రాయండి. దాన్ని బట్టి మిగతాది చెప్తాను.